నడవండి అని చెప్పిన నేను నడిచినప్పుడు



వైద్యునిగా పనిచేసిన ముప్పయి అయిదేళ్ళలో నేను అత్యధికంగా రాసిన మందు ఏదని ఎవరైనా అడిగితే, పారాసిటమాల్ అనో మెట్‌ఫార్మిన్ అనో చెప్పను. "రోజూ అరగంట నడవండి" అన్న వాక్యమే నేను అందరికీ రాసిన మందు. మధుమేహం వచ్చినవారికి రాశాను, రక్తపోటు ఉన్నవారికి రాశాను, నిద్ర పట్టనివారికీ, మలబద్ధకంతో బాధపడేవారికీ రాశాను. ఏ జబ్బూ దొరకనివారికి కూడా చీటీ అడుగున అదే వాక్యం రాసి పంపేవాడిని. రాయడానికి అయిదు క్షణాలు పట్టేది. ఆ మందును ఎక్కడ వాడాలో, ఎలా వాడాలో, ఎవరికి అది పనికిరాదో వివరించడానికి మాత్రం తీరిక ఉండేది కాదు. ఇంకొక నిజం కూడా చెప్పాలి. ఆ మందును నేను స్వయంగా ఒక్క మోతాదైనా పుచ్చుకోలేదు.

అరవై ఏళ్ళు దాటిన తరువాత దానిని రుచి చూసిన వైనమే ఈ వ్యాసం. ఇందులో నేను చేసిన ఒక పెద్ద పొరపాటు కూడా ఉంది. వైద్యుడై ఉండీ చేసిన పొరపాటు కనుక చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా మీలో ఒక్కరికైనా అక్కరకు వస్తుందన్న ఆశతో దాచకుండా రాస్తున్నాను.

మిద్దె మీద నలభై చుట్లు

నా ఉద్యోగజీవితంలో అధికభాగం నెల్లూరు జిల్లా పడమటి మెట్ట ప్రాంతంలోనే గడిచింది. ఉదయగిరి చుట్టుపక్కల కొన్నేళ్ళు, ఆత్మకూరు చుట్టుపక్కల కొన్నేళ్ళు పనిచేశాను. పదవీ విరమణ తరువాత ఆత్మకూరులోనే స్థిరపడ్డాము. రెండవ ఏట చేయించుకున్న పరీక్షలో, మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ 8.2 అని వచ్చింది. ఆ కాగితం చూసి మా శ్రీమతి ఒక్కటే మాట అన్నది. "ఊరందరికీ చెప్పినారు గదా, ఇంక మీరు నడవండి."

మిద్దె మీద మొదలుపెట్టాను. ఒక మూల నుంచి ఇంకొక మూలకు నలభై చుట్లు. వీధిలోకి ఎందుకు పోలేదంటే, నాకు రెండు భయాలుండేవి. ఒకటి మా బొంబాయి రోడ్డు. నెల్లూరు నుంచి బద్వేలు మీదుగా పడమటికి పోయే ఆ జాతీయ రహదారి మా ఊరి నడుమ నుంచే వెళుతుంది. కృష్ణపట్నం ఓడరేవుకు పోయే లారీలు, దూరప్రాంతపు బస్సులు, ఆటోలు, వాటి నడుమ ఎదురు దిక్కున వచ్చే మోటారు సైకిళ్ళు. రెండవ భయం నా పూర్వ రోగులు. పది అడుగులు వేసేలోగా ఎవరో ఒకరు ఆపి, జేబులో నుంచి పరీక్షల కాగితం తీసి, "సార్, ఒక్కసారి చూసి చెప్పండి" అంటారు. వారిని తప్పుపట్టను. కానీ అది నడక కాదు, నడివీధిలో నడిచే ఆసుపత్రి.

మిద్దె మీది నడక మూడు వారాలకే విసుగు పుట్టించింది. అక్కడ చూడడానికి నీళ్ళ ట్యాంకు, ఆరవేసిన బట్టలు తప్ప ఏమీ లేవు. మానేశాను. మీలో ఎందరో ఇలాగే మొదలుపెట్టి ఇలాగే మానేసి ఉంటారని నాకు తెలుసు. అది మీ సంకల్పబలం లోపించడం వల్ల మాత్రమే కాదు. విసుగు పుట్టించే మందును ఎవరూ ఎక్కువ కాలం మింగలేరు.

బస్సులో నుంచి కనబడని ఊరు

ఒక వేకువన కరెంటు పోయి మెలకువ వచ్చింది. ఉక్కపోతకు లోపల ఉండలేక చెప్పులు తొడుక్కొని బయటికి వచ్చాను. రోజూ బజారుకు పోయేటప్పుడు వీధి చివర కుడివైపు తిరుగుతాను. ఆ పూట ఏ ఆలోచనా లేకుండా ఎడమవైపు తిరిగాను. అంతే, ఇరవై ఏళ్ళుగా తెలుసుననుకున్న ఊరిలో నాకు తెలియని ఊరు ఒకటి కనబడింది.

ఆత్మకూరును బస్సులో నుంచి చూసినవారికి బస్టాండు, హోటళ్ళు, సెల్‌ఫోన్ దుకాణాలు, దుమ్ము మాత్రమే కనిపిస్తాయి. రహదారికి రెండు సందులు లోపలికి పోతే ఆ హోరు ఎక్కడిదో దూరపు వర్షంలా తగ్గిపోతుంది. పెంకుటిళ్ళ ముందు అరుగులు ఇంకా మిగిలి ఉన్నాయి. కళ్ళాపి చల్లిన నేల వాసన, వేపచెట్టు కింద రాలిన పూత, అప్పుడే పాలు పితికిన గేదె. ఇంకొంచెం ముందుకు పోతే చెరువు కట్ట. కట్ట మీద తుమ్మచెట్లు, నీటి అంచున కదలకుండా నిలిచిన కొంగలు. బడి మైదానం తెల్లవారుజామున ఎవరూ లేకుండా ఎంత విశాలంగా ఉంటుందో నాకు అంతవరకు తెలియదు. శ్మశానం పక్క బాట మరీ ప్రశాంతమైనది. అక్కడ నన్ను ఆపి కాగితం చూపించేవారు ఎవరూ లేరు.

ఆనాటి నుంచి నా నడకకు మూడు నియమాలు పెట్టుకున్నాను. మొదటిది, దూరం కొలవను, సమయం చూసుకుంటాను. ఇరవై నిమిషాలు ఎటు బుద్ధి పుడితే అటు పోయి, అక్కడి నుంచి వెనక్కి తిరుగుతాను. రెండవది, వరుసగా రెండు రోజులు ఒకే దారిలో పోను. మూడవది, దారి చూపడానికి ఎవరినీ, ఏ పరికరాన్నీ తీసుకుపోను. తప్పిపోతే అడుగుతాను. అంత చిన్న ఊరిలో తప్పిపోవడమేమిటని మీరు నవ్వవచ్చు. నేను రెండుసార్లు తప్పిపోయాను.

ఈ మూడవ నియమంలో ఒక లోపం ఉంది. దానిని తరువాత చెబుతాను.

నడక ఎందుకు పనిచేస్తుంది

కొంచెం వైద్యం మాట్లాడుకుందాం. లండన్ నగరంలో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు బస్సు ఉద్యోగులను పరిశీలించి 1953లో ఒక ప్రసిద్ధమైన వ్యాసం ప్రచురించాడు. అవి రెండంతస్తుల బస్సులు. డ్రైవరు దినమంతా కూర్చొని ఉంటాడు, కండక్టరు దినమంతా మెట్లు ఎక్కి దిగుతూ ఉంటాడు. జీవన స్థితిగతులు దాదాపు ఒకటే అయినా, కండక్టర్లకంటె డ్రైవర్లలో గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది. శరీర శ్రమకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని ఆధునిక వైద్యం గట్టిగా గుర్తించడం అక్కడి నుంచే మొదలైంది.

ఇక, రోజుకు పదివేల అడుగులు వేయాలన్న మాట మీరు వినే ఉంటారు. అది ఏ వైద్య పరిశోధన నుంచో పుట్టినది కాదు. 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన అడుగుల లెక్క యంత్రానికి పెట్టిన పేరు నుంచి వచ్చింది. ఆ పేరుకు పదివేల అడుగుల కొలమానం అని అర్థం. అంతకంటె తక్కువ నడిచినా మేలు ఉంది. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థమైన శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అరవై అయిదేళ్ళు దాటినవారు దానికి తోడు వారానికి మూడు రోజులైనా తూలిపడకుండా నిలబడే శక్తిని పెంచే వ్యాయామాలు చేయాలన్నది. మధ్యస్థమైన శ్రమ అంటే ఏమిటి? నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఇంతకంటె సులభమైన కొలత లేదు.

మధుమేహం ఉన్నవారికి మరొక మాట. భోజనమైన తరువాత పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిస్తే, కదిలే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. రాత్రి భోజనం కాగానే మంచం ఎక్కే అలవాటు ఉన్నవారు ఈ ఒక్క మార్పు చేసి చూడండి. నా విషయంలో మందులతోపాటు ఈ నడకలు కలిసి, ఆరు నెలలకు హెచ్‌బీఏ1సీ 7.1కి దిగింది.

మా శ్రీమతి వేసిన ప్రశ్న

ఈ ఉత్సాహంలో ఒకనాడు మా శ్రీమతిని కూడా రమ్మన్నాను. నాతో కాదు, నీకు నచ్చిన దారిలో నువ్వు ఒంటరిగా పోయి చూడు, ఎంత హాయిగా ఉంటుందో అని చెప్పాను. ఆమె నవ్వి, "మీరు చేతులూపుకుంటా పోతే డాక్టరుగారు వాకింగ్‌కు పోతా ఉండారంటారు. నేను పోతే, ఏమమ్మా, ఎక్కడికి పోతా ఉండావు, ఇంట్లో అంతా బాగేనా అని అడుగుతారు" అన్నది.

నాకు సమాధానం తోచలేదు. మన చిన్న పట్టణాలలో స్త్రీ ఏ పనీ లేకుండా వీధిలో నడవడానికి ఇప్పటికీ ఒక సాకు కావాలి. పాలకో, గుడికో, పువ్వులకో పోతున్నట్లు కనబడాలి. చివరకు ఆమే ఒక ఉపాయం కనిపెట్టింది. చేతిలో ఒక సంచి పట్టుకొని బయలుదేరుతుంది. సంచి ఉంటే ఎవరూ అడగరు. ఆ సంచిలో ఏమీ ఉండదు. ఇప్పుడు మా వీధిలో మరో ముగ్గురు ఆడవారు ఖాళీ సంచులతో చెరువు కట్ట మీదికి వస్తున్నారు. స్త్రీలకు నడవమని చీటీ రాసే యువ వైద్యులకు నేను ఈ సంగతి తప్పక చెబుతాను.

ఉదయగిరిలో ఒక పూట

ఆత్మకూరు సందులు అలవాటయ్యాక, నెలకు ఒకసారి తొలి బస్సు ఎక్కి ఉదయగిరికి పోవడం మొదలుపెట్టాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ ఊరిని జీపులో నుంచే చూశాను. ఇప్పుడు కాలినడకన చూడాలనిపించింది.

ఉదయగిరి కొండ మూడు వేల అడుగుల పైచిలుకు ఎత్తు. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని దీర్ఘకాలం ముట్టడించి శ్రీకృష్ణదేవరాయలు 1514లో గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి, దానికోసం ఆలయం కట్టించి, 1515లో ప్రతిష్ఠించాడు. తరువాతి కాలంలో గోల్కొండ నవాబుల ఏలుబడి వచ్చింది. అందుకే ఈ కొండ మీద గుడుల శిథిలాలూ ఉన్నాయి, మసీదులూ ఉన్నాయి. అంతటి చరిత్ర ఉన్నా ఇక్కడ సందడి తక్కువ. దిగువన రంగనాయకుల గుడి దగ్గర ఉదయం పూట కూర్చుంటే, గోపురం మీది పావురాల రెక్కల చప్పుడు కూడా వినబడుతుంది.

ఆ ఊరిలో నాకు నచ్చిన మరొక చోటు కొయ్య చెంచాలు చేసే వీధి. అడవి నుంచి తెచ్చిన నర్ది, బిక్కి, కల్ది వంటి కొయ్యలను చెక్కి చెంచాలు, గరిటెలు, ముళ్ళ చెంచాలు తయారుచేస్తారు. వీటికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. పనిచేసేవారిలో ఎక్కువమంది ముస్లిం స్త్రీలు. గడపలో కూర్చొని ఆకురాయితో కొయ్యను నున్నగా రుద్దుతూ ఉంటారు. ఇంటింటి నుంచి వచ్చే ఆ సన్నని చప్పుడు తప్ప వీధిలో వేరే శబ్దం ఉండదు. ఒక చెంచా కొని జేబులో వేసుకొని ముందుకు సాగేవాడిని. మా ఇంట్లో ఇప్పుడు వంటకు సరిపడా కంటె ఎక్కువ గరిటెలు ఉన్నాయి.

ఈ నడకలలోనే ఒక పాత బాకీ కూడా నాకు గుర్తుకు వచ్చింది.

నేను ఆ ప్రాంతంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులలో నలభై అయిదేళ్ళ రైతు ఒకాయన మోకాళ్ళ నొప్పులని వచ్చాడు. మెడ తిప్పలేడు. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. బయట యాభై మంది రోగులు వేచి ఉన్నారు. నొప్పి మాత్రలు రాసి, అలవాటు ప్రకారం "రోజూ నడుస్తుండు, కీళ్ళు వదులవుతాయి" అన్నాను. ఆయన కోపగించుకోలేదు. "నడవగలిగితే నీ దగ్గరికి ఎందుకొస్తానయ్యా" అని చిన్నగా అని, గోడ పట్టుకొని వెళ్ళిపోయాడు. ఆ మాట వినబడింది. వినబడనట్లే తరువాతి రోగిని పిలిచాను.

కొన్నాళ్ళ తరువాత ఆయన ఎక్స్‌రే చూసినప్పుడు తెలిసింది. వెన్నెముక సుద్దలా తెల్లగా, ఒకే ముక్కలా ఉంది. ఫ్లోరోసిస్. తాగే నీటిలోని ఫ్లోరైడు ఏళ్ళ తరబడి ఎముకలలో చేరి, కీళ్ళను పట్టి ఉంచే కండరబంధనాలను కూడా గట్టిపరుస్తుంది. నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది అంగీకరించిన పరిమితి. మన దేశంలో ఈ వ్యాధిని వైద్యులు తొలిసారిగా వివరించినది మన నెల్లూరు జిల్లా నుంచే, 1937లో. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పట్లో ఈ జిల్లాలోనివే, 1970లో కొత్త జిల్లాలోకి వెళ్ళాయి. నేను వైద్యవిద్య చదివిన పుస్తకంలో ఈ విషయం ఉంది. నా జిల్లా గురించి రాసిన ఆ పేజీ నాకు పరీక్షలో గుర్తుంది, గదిలో రోగి నిలబడినప్పుడు గుర్తుకు రాలేదు.

గట్టిపడిన ఆ ఎముకలను మళ్ళీ మామూలుగా మార్చే మందు లేదు. మంచినీరు ఇవ్వడమే నివారణ. ఇప్పటికీ ఉదయగిరి చుట్టుపక్కల పల్లెల అరుగుల మీద, మెడ తిప్పలేని వృద్ధులు అక్కడక్కడా కనిపిస్తారు. నా నడకలో వారి దగ్గర ఆగి కాసేపు కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. దానివల్ల వారి ఎముకలు బాగుపడవు. అప్పుడు ఆ రైతు మాటకు నేను ఇవ్వని ఆ పది నిమిషాలను ఇప్పుడు వీరికి ఇస్తున్నాను, అంతే. నడక అందరికీ ఉచితంగా దొరికే మందు అని మేము ఉపన్యాసాలలో చెబుతాము. అది అందరికీ దొరకదు.

కొండ మెట్ల మీద

ఇప్పుడు నా పొరపాటు.

ఒక జనవరి నెలలో, బస్టాండు దగ్గర ఇడ్లీలు తిని కొండ ఎక్కడం మొదలుపెట్టాను. కొంత దూరం పోయాక రొమ్ము నడుమ ఎవరో అరచేతితో అదిమినట్లు అనిపించింది. ఎడమ దవడ లాగింది. ఒక బండ మీద కూర్చున్నాను. అయిదు నిమిషాలకు తగ్గిపోయింది. "హోటలు చట్నీ, గ్యాసు" అనుకున్నాను. ఎన్ని వందలమంది రోగులు నాతో ఇదే మాట అన్నారో, వారిని నేను ఎంతగా మందలించానో మీరు ఊహించుకోవచ్చు.

మా శ్రీమతికి చెప్పలేదు. మనసులో మాత్రం పురుగు తొలుస్తూనే ఉంది. ఒక మిత్రుని క్లినిక్కులో ఈసీజీ తీయించుకున్నాను. మామూలుగా ఉంది. దానిని పట్టుకొని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. విశ్రాంతిగా పడుకున్నప్పుడు తీసిన ఈసీజీ బాగున్నంత మాత్రాన గుండె రక్తనాళాలు బాగున్నట్లు కాదని వైద్యకళాశాల విద్యార్థికి కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసిన విషయాన్ని నమ్మకుండా ఉండడానికి మనిషి ఎంత శ్రమపడతాడో అప్పుడే తెలిసింది.

ఫిబ్రవరిలో అదే బరువు, మొదటిసారికంటె దిగువనే వచ్చింది. మార్చిలో ఇంకా దిగువన వచ్చింది. గమనించండి. తక్కువ శ్రమకే నొప్పి రావడం అంటే, లోపలి అడ్డంకి ముదురుతున్నదని అర్థం. ఆ మూడవసారి కూర్చున్నా తగ్గలేదు. చొక్కా చెమటతో తడిసిపోయింది. ప్రశాంతత కోసమని ఫోను ఇంట్లో పెట్టి వచ్చాను. నేను ఎటు పోయానో ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు. ఎవరినీ తీసుకుపోను, ఏ పరికరమూ తీసుకుపోను అన్న నా మూడవ నియమం అక్కడికి తెచ్చింది.

మేకలు కాసే పెద్దామె ఒకామె చూసింది. "ఏందయ్యా, మొగం అట్టా పాలిపోయిందే! లెయ్యబాకండి, ఆడనే కూర్చోండి" అని గట్టిగా అరిచింది. నేను లేవబోతుంటే కర్ర అడ్డం పెట్టింది. తన మనవణ్ణి కిందికి పరుగెత్తించింది. వచ్చినవారు నన్ను నడిపించబోతే వద్దని, మోసుకుపొమ్మని ఆమే చెప్పింది. నా చదువంతా కలిసి నాకు చెప్పలేకపోయిన రెండు సరైన మాటలను ఆమె చెప్పింది. కదలవద్దు, నడవవద్దు.

108 వాహనంలో కిందికి, అక్కడి నుంచి నెల్లూరుకు. గుండె ముందుభాగానికి రక్తం అందించే ప్రధాన నాళం తొంభై శాతం పూడిపోయింది. స్టెంటు వేశారు. మరునాడు నా కొడుకు వయసున్న హృద్రోగ నిపుణుడు వచ్చి, ఎంతో మర్యాదగా ఒక ప్రశ్న అడిగాడు. "సార్, ఈ లక్షణాలు మీ రోగి ఎవరైనా చెప్పి ఉంటే మీరేం చేసేవారు?" ఆ పక్కన నిలబడి ఉన్న మా శ్రీమతి నా వైపు చూసింది. ఇద్దరికీ సమాధానం చెప్పలేదు.

పడుకొని ఆలోచించాను. ఆ రైతు తన శరీరం గురించి చెప్పినప్పుడు నేను వినలేదు. నా శరీరం చెప్పినప్పుడు కూడా వినలేదు. నడక నాకు జబ్బు తేలేదు. మిద్దె మీదనో, కుర్చీలోనో కూర్చొని ఉంటే ఆ పూడిక నాకు తెలిసేదే కాదు. నడకే దానిని మూడుసార్లు, స్పష్టంగా, నెలకొకసారి చూపించింది. చూడనిది నేను.

మీరు నడిచే ముందు

ఇప్పుడు నేను చీటీలో ఒక్క వాక్యం రాయవలసి వస్తే ఊరుకోను. ఈ కింది మాటలన్నీ చెబుతాను.

1. నడుస్తున్నప్పుడు, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు రొమ్ములో బరువు, బిగింపు, దవడ లేక ఎడమచేయి లాగడం, ఎన్నడూ లేని ఆయాసం కలిగి, ఆగితే తగ్గిపోతుంటే అది గ్యాసు అని మీకు మీరు తీర్పు చెప్పుకోవద్దు. ఆ వారంలోనే వైద్యుణ్ణి కలవండి. మామూలు ఈసీజీ ఒక్కటే బాగున్నదని ఊరుకోవద్దు.

2. కూర్చున్నా పది నిమిషాలలో తగ్గకపోయినా, చెమటలు పట్టినా వెంటనే 108కి ఫోను చేయండి. నడిచి ఆసుపత్రికి పోవద్దు. మోటారు సైకిలు నడుపుకుంటూ అసలే పోవద్దు.

3. మధుమేహం ఉన్నవారికి గుండెనొప్పి నొప్పిలా కాక, ఆయాసంగానో, నీరసంగానో మాత్రమే కనిపించవచ్చు. వారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

4. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవారు జేబులో నాలుగు చక్కెర బిళ్ళలో, బెల్లం ముక్కో ఉంచుకోండి. వట్టి కాళ్ళతో నడవవద్దు. ఇంటికి రాగానే అరికాళ్ళు చూసుకోండి. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

5. భోజనం తరువాత సమతలం మీద మెల్లని నడక మంచిదే. కడుపునిండా తిని కొండలు, మెట్లు ఎక్కడం మాత్రం గుండెజబ్బు ఉన్నవారికి ప్రమాదం.

6. మన మెట్ట ఎండలలో ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం అయిదు తరువాత మాత్రమే నడవండి. నీళ్ళ సీసా వెంట ఉండాలి.

7. ప్రశాంతత కావాలంటే ఫోను చప్పుడు ఆపి జేబులో పెట్టుకోండి, ఇంట్లో వదలివేయవద్దు. ఏ వైపు పోతున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి పోండి. నేను నా మూడవ నియమాన్ని ఇలా సవరించుకున్నాను.

8. మోకాళ్ళు సహకరించనివారు, ఫ్లోరోసిస్ వంటి వ్యాధులున్నవారు నడవలేకపోతున్నామని నొచ్చుకోవద్దు. కుర్చీలో కూర్చొని చేయదగిన వ్యాయామాలు ఉన్నాయి. మీ వైద్యుణ్ణి అడగండి. ఆయన తొందరలో ఉంటే ఇంకొకసారి అడగండి.

పెద్ద నగరాలలో ఉండే పాఠకులు, మాకు చెరువు కట్టలు ఎక్కడివి అనవచ్చు. ఎంత సందడి ఉన్న ఊరిలోనైనా రహదారికి రెండు సందుల వెనుక ఒక ప్రశాంతమైన మూల ఉంటుంది. నెల్లూరులో పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడి పరిసరాలు తెల్లవారుజామున చూడండి. ఆదివారం ఉదయం మూతపడిన కార్యాలయాల వీధులు చూడండి. మీ ఇంటి నుంచి రోజూ తిరిగే వైపు కాక, ఒక్కసారి రెండవ వైపు తిరగండి. ఏ ఖర్చూ లేదు.

స్టెంటు వేసిన తరువాత నెమ్మదిగా మొదలుపెట్టాను. మొదటి వారం ఇంటి ముందు అయిదు నిమిషాలు, తరువాత పది, తరువాత చెరువు కట్ట. నిపుణుడు ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి అనుమతించిన తరువాతనే ఉదయగిరి బస్సు ఎక్కాను. ఈసారి మా శ్రీమతి కూడా వచ్చింది. చేతిలో ఖాళీ సంచి ఉంది. తిరిగి వచ్చేటప్పుడు అందులో రెండు గరిటెలు చేరాయి.

మేకల పెద్దామె కొండ దిగువనే కనబడింది. నన్ను ఎగాదిగా చూసి, "మళ్ళా వచ్చినారా? పైదాకా పోబాకండి" అన్నది. ఆమెకు ఇవ్వాలని ఒక చీర తీసుకుపోయాము. చీర తీసుకున్నది గానీ, దానికంటె ముఖ్యమైన విషయం ఆమెకు వేరే ఉంది. కుడి మోకాలు వాచిందని చూపించింది. అక్కడే బండ మీద కూర్చొని మోకాలు చూశాను. ఎన్నాళ్ళ నుంచి ఉన్నది, ఏ పూట ఎక్కువగా ఉంటుంది, ఏ నీళ్ళు తాగుతారు, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నదా అని అడిగాను. ఆమె చెప్పినంతసేపూ విన్నాను. నడవమని మాత్రం చెప్పలేదు. ఆమె నాకంటె ఎక్కువే నడుస్తున్నది.

మార్చి నెలలో నేను కూలబడిన బండ దాకా పోయి, అక్కడి నుంచి వెనక్కి తిరిగాము.

 ఈ వ్యాసం అవగాహన కోసం మాత్రమే. మీ శరీరాన్ని చూసిన మీ వైద్యుని సలహాకు ఇది బదులు కాదు.